పెత్తనం చేతికొచ్చే వయసు

కార్తీకం నుంచి సంక్రాంతి దాకా కదిరి బస్టాండులో నల్లబట్టలు కనబడుతూనే ఉంటాయి. శబరిమలకు బయల్దేరే గుంపుల్లో మగవాళ్ళ మధ్య, చిన్నపిల్లల మధ్య, నెరిసిన జుట్టు ముడి వేసుకుని నెత్తిన ఇరుముడి పెట్టుకున్న ఆడవాళ్ళూ ఉంటారు. వాళ్ళను మాలికాపురాలంటారు. పది నుంచి యాభై ఏళ్ళ మధ్య స్త్రీలు కొండెక్కకూడదన్న కట్టడిని 1991లో కేరళ హైకోర్టు ఖాయం చేసింది. 2018 సెప్టెంబరు 28న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కోర్టుల్లో ఏం జరిగినా కదిరి, ధర్మవరం, హిందూపురం ఇళ్ళలో చాలావరకు పాత లెక్కే నడుస్తోంది. ముట్లుడిగాకే మాల.

ఆ లెక్క వెనక ఒక సంసారం ఉంది. అయ్యప్ప దీక్ష తెలుగునాట ఊరూరికీ పాకింది గత నాలుగైదు దశాబ్దాల్లోనే. మొగుడు మాల వేసుకున్న ప్రతి ఏడూ దీక్ష నలభై ఒక్క రోజులూ తెల్లవారకముందే లేచి నీళ్ళు తోడి, భిక్ష వండి, తన నెలసరి రోజుల్లో మాత్రం పుట్టింటికో పక్కింటికో తప్పుకున్న ఇల్లాళ్ళు ఎందరో. పదేళ్ళో పదిహేనేళ్ళో అలా గడిచాక ఒక ఏడు ఆవిడే మాల వేసుకుని ఆయన పక్కన బస్సులో కూర్చుంటుంది. పెళ్ళయ్యాక ఇద్దరూ కలిసి చేసిన మొదటి పెద్ద ప్రయాణం అదే అయిన జంటలు ఈ పల్లెల్లో తక్కువేమీ కాదు. ఎర్రచీరల ఓం శక్తి మాల వేసుకునేవాళ్ళది వేరే దారి. తమిళనాడులోని మేల్‌మరువత్తూరు ఆలయంలో నెలసరి అడ్డు కాదు. అందుకే రాయలసీమ నుంచి కోడళ్ళు కూడా అత్తలతో కలిసి అక్కడికి వెళ్ళగలుగుతున్నారు.

నెలసరి ఆగిపోవడం అనేది డాక్టరు చీటీ మీద ఒక స్త్రీ ఒంటికి సంబంధించిన సంగతి. కదిరి సీమలో అది ఎప్పుడూ ఇంటికంతటికీ సంబంధించిన సంగతిగానే నడిచింది. వంట ఎవరు చేయాలి, దేవుడి గదిలోకి ఎవరు పోవాలి, బియ్యం కొలిచి పోసేది ఎవరు, ఎవరి పక్కన ఎవరు పడుకోవాలి అన్నవన్నీ ఆ మార్పుతోనే మారేవి. ఇల్లు ఆవిడకు పెత్తనం ఇచ్చేది. ఆవిడ ఒళ్ళు ఏమంటోందో మాత్రం అడిగేది కాదు. ఆ పెత్తనం ఇప్పుడు సడలుతోంది, ఒళ్ళు ఏమంటోందని అడగడం ఇంకా మొదలే కాలేదు. దగ్గరివాళ్ళ మధ్య దూరం పెరిగేది ఆ సందులోనే.

ఆ పెత్తనం ఎంత విలువైనదో తెలియాలంటే దాని ముందున్న బతుకు తెలియాలి. మడకశిర వైపు, కర్ణాటక సరిహద్దు దాటితే తుమకూరు, చిత్రదుర్గ జిల్లాల్లో గొల్లల పల్లెలైన గొల్లహట్టులున్నాయి. ముట్టయిన స్త్రీ హట్టి దాటి బయట గుడిసెలోనో చెట్టుకిందో మూడు నుంచి ఐదు రోజులు ఉండటం అక్కడి కట్టు. బాలింతలను సైతం పసిగుడ్డుతో ఊరి బయట ఉంచిన సంఘటనలు ఇటీవలి ఏళ్ళలోనూ పత్రికలకెక్కాయి. ఎడ్గార్ థర్స్టన్ 1909లో రంగాచారితో కలిసి ఏడు సంపుటాలుగా అచ్చువేసిన దక్షిణాది కులాల గ్రంథంలో ఇలాంటి ఆచారాలు కులం తరవాత కులానికి కనిపిస్తాయి. పదమూడేళ్ళ నుంచి నలభై ఆరు, నలభై ఏడేళ్ళ దాకా, కాన్పుల కాలం తీసేసినా, నెలకు నాలుగు రోజులు చొప్పున లెక్కేస్తే ఒక హట్టి స్త్రీ మూడేళ్ళకు పైగా తన ఇంటి గడప బయట గడిపినట్టు. ముట్లుడగడం ఆవిడకు ఆ వెలి నుంచి విడుదల. దాన్ని ముసలితనమని ఏడ్చేవాళ్ళెవరు?

ఊళ్ళలో గుడిసెలు లేకపోయినా ఇంటి మూల ఒక చాప, ఒక చెంబు, ఒక కంచం ఉండేవి. ‘బయట ఉంది’ అంటే చాలు, అందరికీ అర్థమయ్యేది. ఆ చాప ఎత్తేసిన రోజు నుంచి ఇంటి పెద్దావిడ హోదా మారుతుంది. మడి వంట ఆవిడదే. నోముకు, పూజకు, గ్రామదేవత జాతరకు నైవేద్యం వండేది పెద్దమనిషి కాని పిల్లయినా అయి ఉండాలి, ముట్లుడిగిన పెద్దావిడయినా అయి ఉండాలి అనే నియమం చాలా ఊళ్ళలో ఉంది. మధ్యలో ఉన్న కోడళ్ళు తేదీలు లెక్కపెట్టుకుంటూ భయపడుతుంటే అత్త ఏ రోజైనా దేవుడి ముందుకు పోగలదు. ఫాల్గుణంలో ఖాద్రీ నరసింహస్వామి తేరు లాగే రోజు ముందే అనుకుని, నిశ్చింతగా మొక్కుకోగలదు. కదిరిలో, హిందూపురంలో ముస్లింలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఆ ఇళ్ళలో ఇదే మార్పు రంజాన్ నెలలో తెలుస్తుంది. నెలసరి రోజుల్లో వదిలిన రోజాలను తరవాత తీర్చుకోవాల్సిన బాకీ పోయి, నెల మొత్తం ఒక్క రోజూ తప్పకుండా ఉపవాసముండే తొలి రంజాన్ ఆ వయసులోనే వస్తుంది.

ఇంత జరిగినా దీని గురించి రాత తక్కువ. కదిరి సీమ చరిత్రలో పేరుతో నిలిచిన స్త్రీ తిమ్మమ్మ. పదిహేనో శతాబ్దంలో భర్త చితిలోకి దూకిందని, పందిరి గుంజ మొలకెత్తి మర్రిమానైందని చెప్పుకుంటారు. 1989లో ఆ మాను గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. పిల్లలు లేని జంటలు నేటికీ అక్కడ మొక్కుకుంటారు. చితి ఎక్కిన ఇల్లాలికి మాను ఉంది, బిడ్డ కోసం మొక్కే ఇల్లాలికి ఆ మాను నీడ ఉంది. బతికి, నలుగురిని కని, నలభై ఎనిమిదేళ్ళకు ఒళ్ళు ఉడికిపోతుంటే కట్టెల పొయ్యి ముందు కూర్చున్న ఆవిడకు కథా లేదు, శాసనమూ లేదు. జిల్లాలు మాత్రం మారాయి. కదిరి తాలూకా 1910లో కడప నుంచి అనంతపురానికి, 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లాకు వచ్చింది. ఆవిడ కథను ఆచారాల్లోంచి, వైద్యగ్రంథాల్లోంచి, సర్వేల్లోంచి ఏరుకోవాల్సిందే. సుశ్రుతుడు రజస్సు పన్నెండేళ్ళకు మొదలై యాభైకి ఆగుతుందన్నాడు. ఇప్పటి లెక్కల్లో మన దేశంలో సగటు 46 దగ్గర, పాశ్చాత్య దేశాల్లో 51 దగ్గర ఉంది.

మొదలుకు పండగ ఉంది. పిల్ల పెద్దమనిషి అయితే నువ్వులూ బెల్లం దంచి చిమ్మిలి పెడతారు, మేనమామ చీర తెస్తాడు, ఇప్పుడైతే వీధి మలుపులో ఫ్లెక్సీ కూడా కడతారు. చివరిదానికి పండగ చేద్దామన్నా తేదీ దొరకదు. పన్నెండు నెలలు వరసగా రాకపోతేనే ఆగిపోయినట్టు లెక్క. ఆఖరి ముట్టు ఏదో ఏడాది తరవాత వెనక్కి తిరిగి చూసుకుంటే తప్ప తెలియదు. ఆ ఏడాదికి ముందు నాలుగైదేళ్ళు నెల తప్పుతూ, మళ్ళీ విరుచుకుపడుతూ గడుస్తుంది. అసలు బాధంతా ఆ ఏళ్ళలోనే ఉంటుంది. అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజన్ ఎగుడుదిగుడై చివరికి పడిపోతుంటే, ఒంటి వేడిని అదుపు చేసే మెదడు భాగం చిన్న తేడాకే గాబరాపడి చర్మంలోని రక్తనాళాలను ఒక్కసారిగా తెరుస్తుంది. ముఖం మీదికి సెగ, వెంటనే చెమట, ఆ వెనక వణుకు. రాత్రి రెండుకు మెలకువ వచ్చి మళ్ళీ నిద్ర పట్టదు. పొద్దున ఎవరు పలకరించినా సిడుకు. ‘ఏం లేదులే, వేడి చేసినట్టుంది’ అని మజ్జిగ తాగి పనిలో పడిపోవడం ఈ సీమ ఆడవాళ్ళకు అలవాటు.

మరి భర్త? నూరేళ్ళ కిందట ఈ ప్రశ్నకు చాలా ఇళ్ళలో జవాబు ఒకటే. ఆయన లేడు. పెళ్ళినాటికి పిల్లకు పది, పన్నెండు ఉంటే వరుడు పదేళ్ళు పెద్దవాడు. 1876–78 ధాత కరువు కడప, బళ్ళారి, కర్నూలు జిల్లాలను తుడిచిపెట్టింది. 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. ఆనాటి మద్రాసు రాష్ట్రపు జనాభా లెక్కలు చూస్తే యాభై దాటిన స్త్రీలలో విధవలే ఎక్కువ. కురుబ, బోయ ఇళ్ళలో మారుమనువు ఉండేది గనుక చిన్న వయసు విధవకు మళ్ళీ సంసారం దొరికేది. పిల్లలు ఎదిగిన నలభై ఏళ్ళ విధవకు కొడుకే దిక్కు. ఆమెకు ముట్లుడగడమూ ముత్తైదువ హోదా పోవడమూ దాదాపు ఒకేసారి జరిగేవి. నెలసరి ఆగిన స్త్రీకి ఆచారం ఇచ్చిన చనువును విధవరికం ఒక చేత్తో లాగేసుకునేది. పెళ్ళి పీటల దగ్గరికి, పసుపు కుంకుమల దగ్గరికి ఆవిడను రానిచ్చేవారు కాదు. అందుకని ‘వెనకటి రోజుల్లో పెద్దావిడలకు ఎంత గౌరవమో’ అనేవాళ్ళు ఆ గౌరవం ఎవరికి దక్కిందో కూడా చెప్పాలి. భర్త బతికుండి, కొడుకు పుట్టి, కొంచెం పొలమున్న ఇంటావిడకు దక్కింది.

భర్త ఉన్న ఇళ్ళలోనూ పడకలు విడిపోయేవి. కోడలు కాపురానికి వచ్చిన ఇంట్లో అత్త కడుపుతో ఉండటం సిగ్గుచేటు. తల్లీ కూతురూ ఒకే ఏడు ప్రసవించిన ఇళ్ళ మీద ఊరంతా చెవులు కొరుక్కునేది. 1980ల్లో కర్ణాటక పల్లెల్లో పనిచేసిన జాన్ కాల్డ్వెల్, పి.హెచ్. రెడ్డి, ప్యాట్ కాల్డ్వెల్ పరిశోధనలో ఇది స్పష్టంగా తేలింది. పిల్లల పెళ్ళిళ్ళయి మనవలు పుట్టే వేళకు దంపతులు కలిసి పడుకోవడం మానేయాలన్నది అక్కడి పద్ధతి. హిందూపురం నుంచి చూస్తే అది పొరుగిల్లే. ఇటువైపు పల్లెల్లోనూ ఆయన పడక పంచలోకో మిద్దె మీదికో మారేది, ఆవిడ మనవళ్ళ మధ్య చాప వేసుకునేది. ముట్లు ఆగడానికి ముందే, నలభైకి అటూ ఇటూ, భార్యాభర్తల దగ్గరితనానికి ఊరు గడువు పెట్టేది. ఆవిడకు నిద్ర పట్టని రాత్రులు మొదలయ్యేసరికి ఆ సంగతి తెలిసే దూరంలో ఆయన లేడు. ఆ వయసులో మొగుడు దగ్గరికి రావడం కొందరికి ఇష్టం లేకపోవచ్చు, వాళ్ళకు ఈ ఆచారం మేలే చేసి ఉంటుంది. ఇష్టమున్నవాళ్ళను అడిగినవాళ్ళు లేరు.

అమెరికన్ మానవశాస్త్రవేత్త మార్షా ఫ్లింట్ 1975లో ఒక పరిశీలన ప్రచురించింది. రాజస్థాన్, హిమాచల్ ప్రాంతాల రాజపుత్ర స్త్రీలు 483 మందితో మాట్లాడితే, ముట్లుడిగినందువల్ల వయసు తెలియడం తప్ప పెద్ద బాధలు చెప్పుకున్నవాళ్ళు బహుతక్కువ. అప్పటిదాకా పరదాలో ఉన్నవాళ్ళు ఆ తరవాత కింది అంతస్తుకు దిగి మగవాళ్ళ మధ్య కూర్చుని మాట్లాడగలిగేవారు. సమాజం బహుమానం ఇస్తే ఒళ్ళు తక్కువగా మూలుగుతుందా అని ఫ్లింట్ అడిగింది. జపాన్ మీద పనిచేసిన మార్గరెట్ లాక్ 1993 నాటి పుస్తకంలో అక్కడి స్త్రీలు సెగల కంటే భుజాల పట్టేత గురించి ఎక్కువ చెప్పారని రాసింది. మన దేశపు పరిశీలనల్లోనూ కీళ్ళ నొప్పులు, నీరసం ముందు వరసలో ఉంటాయి. గొల్లహట్టి స్త్రీని తలుచుకుంటే ఫ్లింట్ మాటలో నిజముందనిపిస్తుంది. కానీ చెప్పుకోకపోవడానికీ బాధ లేకపోవడానికీ మధ్య చాలా దూరముంది. పగలంతా చెనక్కాయ (వేరుశనగ) చేనులో కలుపు తీసి, రాత్రి మోకాళ్ళకు ఆముదం రాసుకునే స్త్రీ తన నొప్పిని ముట్లకు ముడిపెట్టి చెప్పదు. పని వల్ల వచ్చిందంటుంది, అదీ అబద్ధం కాదు.

ఆడవాళ్ళు ఒకరితో ఒకరు మాత్రం చెప్పుకునేవారు. విత్తనాల కోసం వేసవిలో చెనక్కాయలు చేత్తో ఒలిచే రోజుల్లో ఒక్కో ఇంటి పంచలో పదిమంది కూర్చునేవారు. పదహారేళ్ళ పిల్ల నుంచి అరవై ఏళ్ళ అవ్వ దాకా. ధర్మవరంలో మగ్గాల ఇళ్ళలో కండెలు చుడుతూ, పట్టు పోగులు అతుకుతూ అత్తాకోడళ్ళు ఒకే గదిలో పొద్దంతా గడిపేవారు. ఎవరికి ఎప్పుడు నిలిచింది, ఎవరికి ఎంత పోయింది, ఏ కషాయం పనిచేసింది అన్న వైద్యమంతా అక్కడ నోటి మాటగా నడిచేది. యంత్రాలు వచ్చి కాయలు ఒలిచే గుంపులు పలచబడ్డాయి.

అచ్చులోకి ఈ మాటలు మద్రాసు మీదుగా వచ్చాయి. డాక్టర్ కె.ఎన్. కేసరి తన కేసరి కుటీరంలో తయారుచేసిన ‘లోధ్ర’ స్త్రీల గర్భాశయ బాధలకు మందుగా తెలుగు ఇళ్ళన్నిటికీ తెలిసిన పేరు. ఆయనే 1928లో ‘గృహలక్ష్మి’ పత్రిక పెట్టారు, 1934 నుంచి స్త్రీలకు స్వర్ణకంకణం ఇచ్చారు, తొలి కంకణం కనుపర్తి వరలక్ష్మమ్మకు దక్కింది. ఒక సీసా మందు, ఒక మాసపత్రిక కలిసి ఇంటి ఆడవాళ్ళ ఒంటి సంగతిని గౌరవంగా మాట్లాడే చోటును తయారుచేశాయి. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ 1952లో మొదలుపెట్టిన ‘ప్రమదావనం’ దాదాపు అర్ధశతాబ్దం నడిచింది. అత్తాకోడళ్ళ పోరు, మొగుడి మౌనం, పిల్లల చదువు, ఏదైనా ఉత్తరం రాసి అడిగే చోటు అది. స్వాతి వారపత్రికలో డాక్టర్ సమరం సమాధానాలు పడకగది సందేహాలకు తలుపు తీశాయి. దాచుకుని చదివినా ఇంట్లో అందరూ చదివారు. హైదరాబాదు స్త్రీశక్తి సంఘటన ‘సవాలక్ష సందేహాలు’ పుస్తకంతో తెలుగు స్త్రీకి తన శరీరం గురించి తన భాషలో తెలుసుకునే వీలు కలిగించింది. ఇవన్నీ చదవగలిగినవాళ్ళకు అందాయి. కదిరి చుట్టూ తండాల్లో, చదువు రాని నలభై ఏళ్ళ స్త్రీలకు అందలేదు.

కంచం మారింది, దాని లెక్క ఎముకల్లో తేలింది. ఈ సీమ తిండి రాగి సంగటి. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, తెల్లబియ్యంలో దాంట్లో ముప్ఫయ్యో వంతు కూడా ఉండదు. రాగి, కొర్ర, సజ్జ చేలు తగ్గి వర్షాధార భూమంతా వేరుశనగ అయింది. కదిరి పరిశోధనా కేంద్రం పేరుతోనే కదిరి–3, కదిరి–6, కదిరి లేపాక్షి రకాలు దేశమంతా తెలిశాయి. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయల బియ్యం ఇచ్చాక పేద ఇంట కూడా రోజూ అన్నం ఉడికింది. ఆకలి తీరింది, దాన్ని తక్కువ చేయకూడదు. ఈస్ట్రోజన్ తగ్గాక ఎముక త్వరగా కరుగుతుంది గనుక అంతకుముందే నిల్వ ఉండాలి, ఆ నిల్వే తగ్గింది. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థలో వీణా శత్రుఘ్న, ఆమె సహచరులు పేద కుటుంబాల స్త్రీలు 289 మందిని, ముప్ఫై నుంచి అరవై ఏళ్ళ వయసువాళ్ళను, పరీక్షించి 2005లో ఫలితాలు ప్రకటించారు. తుంటి ఎముక మెడ దగ్గర దాదాపు 29 శాతం మందికి ఎముక గుల్లబారింది. అందరికీ పెట్టాక మిగిలింది తినే అలవాటు కూడా ఆ లెక్కలో ఉంది. ఇంట్లో ఆవిడ మీద ప్రేమ ఉందో లేదో కొలిచే మార్గాల్లో ఆవిడ కంచంలో పాలూ గుడ్డూ పడుతున్నాయా అన్నది ఒకటి.

ఇప్పటి ఇంటి లెక్క వేరు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019–21లో ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది పిల్లల ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. పద్దెనిమిదికి పెళ్ళి, ఇరవై మూడు, ఇరవై నాలుగుకు ఇద్దరు పిల్లలు, ఆపరేషన్. కూతురికి ఇరవైకి పెళ్ళి చేస్తే నలభై రెండుకు అవ్వ. ఆవిడకు నెల తప్పడం మొదలయ్యేసరికి ఒడిలో మనవడుంటాడు. ఆ మనవడి తల్లిదండ్రులు బెంగళూరులో కట్టడం పనిలోనో గార్మెంట్స్‌లోనో ఉంటారు, లేదా కేరళకు వలస పోయి ఉంటారు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్లు తయారవడం మొదలయ్యాక కొందరు కొడుకులు దగ్గరికి వచ్చారు గానీ, నల్లమాడ, తనకల్లు, నంబులపూలకుంట పల్లెల్లో అవ్వాతాతలు, పిల్లలు మిగిలిన ఇళ్ళు చాలా ఉన్నాయి. టాంజానియాలో హడ్జా తెగ అవ్వలు దుంపలు తవ్వి మనవళ్ళను సాకడం చూసి క్రిస్టెన్ హాక్స్ 1990ల్లో ఒక వాదం చేసింది. కనడం ఆగిపోయాక కూడా స్త్రీ దీర్ఘకాలం బతకడం మనిషి జాతికి మేలు చేసిందని, మనవళ్ళు బతకడానికి అవ్వ కష్టమే కారణమని. కదిరి పల్లెల్లో ఆ వాదానికి రుజువు ఇంటింటా ఉంది. కానీ హడ్జా అవ్వకు కూతురు పక్క గుడిసెలోనే ఉంటుంది. ఇక్కడ కూతురు వీడియో కాల్‌లో ఉంటుంది. ‘మాయమ్మ ఎప్పుడు చూసినా కసురుకుంటాంది’ అని కూతురు, ‘నా బాధ ఎవరికి చెప్పేది’ అని తల్లి. ఇద్దరి మధ్యా చిక్కుకున్నది ఆరు నెలలుగా పట్టని నిద్ర అని ఇద్దరికీ తెలియదు.

పాత ఇంటి పెత్తనం కూడా పలచబడింది. బియ్యం గాదె లేదు, తాళంచెవుల గుత్తి లేదు, కోడలి జీతం కోడలి ఖాతాలో పడుతుంది. అది మంచిదే. అయితే అత్తకు ఆ వయసులో దొరికే బహుమానం పోయి, ఒంటి బాధ ఒక్కటే మిగిలింది. ఆ లోటు కొంత పూడ్చింది పొదుపు సంఘం. 1990ల నుంచి డ్వాక్రా గుంపుల్లో, ఆ తరవాత వెలుగు సంఘాల్లో నాయకురాళ్ళయినవాళ్ళలో పిల్లల బాధ్యత తీరిన నలభై, యాభై ఏళ్ళవాళ్ళు చాలామంది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. దాన్ని ఇక్కడ కరువు పని అనే అంటారు. ఎండలో మట్టి మోసే ఆ గుంపుల్లో మధ్యవయసు స్త్రీలు మగవాళ్ళతో సమానంగా కూలి తీసుకున్నారు. చెనక్కాయల పంచలో జరిగే మాటలు ఇప్పుడు ఆ పని దగ్గర, సంఘం మీటింగు దగ్గర జరుగుతున్నాయి.

పాశ్చాత్య దేశాల్లో ఇదే వయసును మాత్రలతో దాటించవచ్చన్న ఉత్సాహం ఒకప్పుడు ఉప్పొంగింది. 1942లో అమెరికాలో ఈస్ట్రోజన్ మాత్ర ప్రేమరిన్‌కు అనుమతి వచ్చింది. 1966లో రాబర్ట్ విల్సన్ అనే డాక్టరు ముట్లుడగడం హార్మోన్ లోపమనీ, మందుతో ఆడతనం ఎప్పటికీ నిలుస్తుందనీ పుస్తకం రాసి జనాన్ని ఊపేశాడు. 2002 జులైలో ఈ హార్మోన్ మందుల మీద జరిగిన ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ పరీక్షలో రొమ్ము క్యాన్సర్, గుండె జబ్బుల ముప్పు కనిపించడంతో ఒక భాగాన్ని మధ్యలో ఆపేశారు. మందు వాడకం ఒక్కసారిగా పడిపోయింది. తరవాత అవే వివరాలను మళ్ళీ పరిశీలించి, అరవైలోపు, ముట్లుడిగిన పదేళ్ళలోపు మొదలుపెట్టేవాళ్ళలో చాలామందికి ముప్పు తక్కువని తేల్చారు. విల్సన్ పుస్తకం చేసిన హాని ఏమిటంటే, ఈ వయసు స్త్రీ సిడుకును ఆవిడ బాధగా కాక, మొగుడికి ఇబ్బందిగా చూపింది. కదిరిలో భర్తకు తెలియాల్సింది అంత క్లిష్టమేమీ కాదు. ఈ వయసులో యోని పొడిబారి కలయిక నొప్పి పెట్టొచ్చు, దానికి పైపూత మందులున్నాయి, ఆవిడ వద్దనడం ఆయన్ని కాదనడం కాదు. ఈ మూడు మాటలు చెప్పగలిగే చనువు డాక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళితే దొరుకుతుంది. గైనిక్ గది ముందు బెంచీ మీద మగవాళ్ళు బయటే కూర్చుండిపోవడం ఇక్కడి మామూలు.

అన్నిటికంటే పెద్ద మార్పు కత్తితో వచ్చింది. 2015–16 సర్వేలో దేశం మొత్తం మీద 15–49 ఏళ్ళ స్త్రీలలో 3.2 శాతం మందికి గర్భసంచి తీసేసి ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో అది 8.9 శాతం. దేశంలో అందరికంటే ఎక్కువ. ఐదేళ్ళ తరవాత సర్వేలోనూ పెద్దగా తగ్గలేదు. రాజీవ్ ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న తొలిసారి మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. ప్రాణాంతక జబ్బులకు పేదవాడికి కార్పొరేట్ వైద్యం అందించిన ఆ పథకం కాలంలోనే ప్రైవేటు ఆసుపత్రుల్లో అవసరం లేని గర్భసంచి ఆపరేషన్ల మీద గొడవ రేగింది. డాక్టర్లు ఎస్.వి. కామేశ్వరి, ప్రకాశ్ వింజమూరి మెదక్ జిల్లా పల్లెల్లో తిరిగి, ముప్ఫై కూడా నిండని స్త్రీలకు సంచులు తీసేసిన సంగతి బయటపెట్టారు. తెల్లబట్ట అవుతోందని వెళ్ళినా, కడుపునొప్పి అని వెళ్ళినా, ‘క్యాన్సర్ కావచ్చు’ అన్న ఒక్క మాటతో సంతకం అయిపోయేది. ‘పిల్లలు అయిపోయారు, సంచి ఇంక దేనికి’ అన్నది ఇంట్లో వాళ్ళ మాట. అండాశయాలు కూడా తీసేస్తే అవ్వ కొన్నేళ్ళలో నెమ్మదిగా దాటిన దారిని ముప్ఫై రెండేళ్ళ పిల్ల ఒక్క రాత్రిలో దాటాలి. సెగలు, ఎముకల నష్టం, గుండె జబ్బు ముప్పు, అన్నీ చిన్న వయసులోనే. కోడలికీ అత్తకూ ఒకే ఏడు ముట్లు ఆగిన ఇళ్ళు అలా ఏర్పడ్డాయి. పాత ఆచారాల్లో అలాంటి ఇంటికి చోటే లేదు.

ఇలాంటి అవసరం లేని ఆపరేషన్ల మీద డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన వ్యాజ్యంలో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో తెచ్చిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలు చేయాలని చెప్పింది. కాగితం మీద రక్షణ వచ్చింది. ఇక కుటుంబం డాక్టరును అడగాల్సినవి ఉన్నాయి. గడ్డ ఎంతుంది, మాత్రలతో గానీ హార్మోన్ కాయిల్‌తో గానీ రక్తస్రావం అదుపులోకి రాదా, అండాశయాలు ఉంచుతారా తీస్తారా, ఇంకో డాక్టరుకు చూపించవచ్చా. ముట్లు పూర్తిగా ఆగిన ఏడాది తరవాత మళ్ళీ నెత్తురు కనబడితే మాత్రం ఆలస్యం చేయకుండా పరీక్ష చేయించాలి. కదిరిలో సర్కారు ఏరియా ఆసుపత్రి ఉంది, ధర్మవరం దారిలో బత్తలపల్లిలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ ఆసుపత్రి ఉంది. విసెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి నిలబెట్టిన సంస్థ అది.

గర్భసంచిలో మామూలు గడ్డలు ఈస్ట్రోజన్ మీద బతుకుతాయి, ముట్లుడిగాక చాలావరకు వాటంతటవే కుంచించుకుపోతాయి. నలభై ఐదు దాటిన స్త్రీ రెండు మూడేళ్ళు మందులతో నెట్టుకొస్తే కొన్నిసార్లు ఆపరేషన్ అవసరమే పడదు. ఆ రెండు మూడేళ్ళు ఆవిడకు నెలలో కొన్ని రోజులు మంచం మీద విశ్రాంతి కావాలి, రక్తం పెరగడానికి ఇనుము మాత్రలూ మంచి తిండీ కావాలి, కూలికి పోని రోజు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో తేలాలి. పల్లెల్లో చాలా జంటలు ఆపరేషన్‌కు ఒప్పుకునేది ఇక్కడే లెక్క కుదరక. గడ్డి మోపు, నీళ్ళ బిందె, మనవడి స్నానం ఆ రోజుల్లో ఎవరు చూసుకుంటారన్నది ఆయనా, కొడుకూ, కోడలూ కూర్చుని ముందే మాట్లాడుకున్న ఇళ్ళలో ఆవిడ గర్భసంచి నిలుస్తోంది.